గ్యాలన్లు, లీటర్లు: కొత్తగా వచ్చినవారు లెక్క తప్పకుండా ఉండాలంటే

అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలోనే మీకు ఈ సందేహం కలగడం మంచిదే. గ్యాలన్లను లీటర్లలోకి మార్చేటప్పుడు 3.785తో గుణించాలా, భాగించాలా అన్నది ఒక్కోసారి ఒక్కో విధంగా తోస్తున్నదని, ఫోను చెప్పిన జవాబును నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. ఇది డబ్బుతో ముడిపడిన విషయం కాబట్టి కాస్త వివరంగానే జవాబు రాస్తాను. మొదటి జీతం చేతికి రాకముందే అద్దెకూ, డిపాజిట్లకూ, కారుకూ డబ్బు నీళ్ళలా ఖర్చయ్యే నెలలివి. ఏది ఎంతకు పడుతున్నదో తెలియకుండా కొనే అలవాటు ఇప్పుడు పడిందంటే తరువాత మానుకోవడం కష్టం. ఇల్లు కొని, పిల్లల చదువులు పూర్తిచేయించి, ఎవరి దగ్గరా చేయిచాపకుండా నెట్టుకొచ్చినవాడిని కనుక, ఈ చిన్న లెక్కల విలువ నాకు బాగా తెలుసు.

ముందుగా ఆ 3.785 ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోండి. అమెరికా గ్యాలన్ అంటే సరిగ్గా 231 ఘనపు అంగుళాలు. ఇది ఇంగ్లండులో ఒకప్పుడు ద్రాక్షసారాయిని కొలవడానికి వాడిన గ్యాలన్. ఏడంగుళాల వ్యాసం, ఆరంగుళాల ఎత్తు ఉన్న స్తూపాకారపు పాత్రకు మనం బడిలో నేర్చుకున్న 22/7 వేసి ఘనపరిమాణం కడితే సరిగ్గా 231 వస్తుంది. అంగుళం అంటే 2.54 సెంటీమీటర్లు అని 1959లో అంతర్జాతీయంగా స్థిరపడింది. 2.54ను మూడుసార్లు గుణించి, వచ్చినదాన్ని 231తో గుణిస్తే 3,785.411784 ఘన సెంటీమీటర్లు, అంటే 3.785411784 లీటర్లు వస్తాయి. కాబట్టి ఇది ఎవరో పాత్రతో కొలిచి చెప్పిన ఉజ్జాయింపు సంఖ్య కాదు, నిర్వచనం నుంచి పుట్టిన కచ్చితమైన విలువ. ఇంటి లెక్కలకు 3.785 చాలు. అధికారిక పట్టికలు కావాలంటే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెబ్‌సైటులో ఉంటాయి, చూసుకోండి.

ఇక మీ అసలు ప్రశ్న. 3.785 అన్న అంకెను ఒంటరిగా గుర్తుపెట్టుకోవద్దు. దాన్ని "3.785 లీటర్లు / 1 గ్యాలన్" అనే భిన్నంగా గుర్తుపెట్టుకోండి. లవంలో ఉన్నదీ హారంలో ఉన్నదీ ఒకే పరిమాణం కాబట్టి ఈ భిన్నం విలువ ఒకటి. ఒకటితో గుణిస్తే పరిమాణం మారదు, దాన్ని చెప్పే ప్రమాణం మాత్రమే మారుతుంది. ఇదే భిన్నాన్ని తలకిందులు చేసి "1 గ్యాలన్ / 3.785 లీటర్లు" అని రాసినా దాని విలువ ఒకటే. రెండింటిలో ఏది వాడాలో మీరు ఊహించనక్కరలేదు, మీ దగ్గరున్న ప్రమాణం కొట్టుకుపోయేలా ఉన్నదాన్ని తీసుకోవాలి. 15 గ్యాలన్ల ట్యాంకు ఉందనుకోండి. 15 గ్యాలన్లు × 3.785 లీటర్లు / 1 గ్యాలన్ అని రాస్తే, పైనున్న గ్యాలన్లూ కిందనున్న గ్యాలనూ కొట్టుకుపోయి 56.8 లీటర్లు మిగులుతాయి. 40 లీటర్లను గ్యాలన్లలోకి మార్చాలంటే లీటర్లు కొట్టుకుపోవాలి, కాబట్టి తలకిందులుగా ఉన్న భిన్నం వేస్తే 10.57 గ్యాలన్లు వస్తాయి. పొరపాటున మొదటి భిన్నమే వేశారనుకోండి, జవాబు చివర "లీటర్లు × లీటర్లు / గ్యాలన్" అనే అర్థంలేని ప్రమాణం మిగిలి, తప్పు మీ కళ్ళముందే కనిపిస్తుంది. త్రైరాశికం నేర్చుకున్నవారికి ఇందులో కొత్తది ఏమీ లేదు, కానీ త్రైరాశికంలో అంకెలను ఏ వరుసలో పెట్టాలన్న చోట తడబడేవారిని చాలామందిని చూశాను. ప్రమాణాలను అంకెల పక్కనే రాసుకుంటూ పోతే ఆ తడబాటు ఉండదు. కాగితం మీద రాయడం నామోషీ అనుకోవద్దు. ఇప్పటి పిల్లలు ఇంజనీరింగు చదివి వచ్చి కూడా ప్రమాణాలు రాయకుండా వట్టి అంకెలను గుణించేస్తారు, తరువాత నన్ను అడుగుతారు.

గ్యాస్ స్టేషనులో ఇది ఎలా పనికొస్తుందో చూడండి. ధర బోర్డు మీద 3.59 అని పెద్దగా రాసి, పక్కన 9/10 అని చిన్నగా రాసి ఉంటుంది. అంటే గ్యాలన్ ధర 3.599 డాలర్లు. పంపు గ్యాలన్లను మూడు దశాంశాల వరకు చూపిస్తుంది. 11.482 గ్యాలన్లు పోయించుకుంటే రశీదులో 41.32 డాలర్లు ఉంటుంది. ఆ పెట్రోలు 11.482 × 3.785, అంటే 43.46 లీటర్లు. ఇంతవరకూ ఎవరూ తప్పుచేయరు. లీటరు ఎంత పడిందో చూసుకోవాలనుకున్నప్పుడే చిక్కు వస్తుంది. గ్యాలన్లను లీటర్లు చేయడానికి గుణించాం కాబట్టి గ్యాలన్ ధరను లీటరు ధర చేయడానికీ గుణించాలని మనసు లాగుతుంది. కానీ ధరలో గ్యాలన్ అనే మాట హారంలో ఉంది: 3.599 డాలర్లు / 1 గ్యాలన్. కింద ఉన్న గ్యాలన్ పోవాలంటే మనం వేసే భిన్నంలో గ్యాలన్ పైన ఉండాలి. 3.599 డాలర్లు / 1 గ్యాలన్ × 1 గ్యాలన్ / 3.785 లీటర్లు అని రాస్తే లీటరుకు సుమారు 95 సెంట్లు అని తేలుతుంది. మీకు ఒకసారి గుణించాలని, ఇంకోసారి భాగించాలని తోచడానికి కారణం ఇదే. రెండూ సరైనవే, ఒకటి పరిమాణానికి, రెండవది ధరకు. రూపాయల్లో ఎంతో తెలుసుకోవాలని ఉంటే ఆ రోజు మారకపు రేటును ఇంకొక భిన్నంగా పక్కన తగిలించండి. అయితే ప్రతి కొనుగోలునూ రూపాయల్లోకి మార్చుకుని బాధపడడం వల్ల డాలరు కూడా మిగలదని ముందే చెబుతున్నాను.

నేను ఈ దేశానికి వచ్చిన తొలి రోజుల్లో ఇదే విషయంలో నష్టపోయాను. కొలీగులతో కలిసి సియాటిల్ నుంచి కెనడాలోని వాంకూవర్ వెళ్ళాం. సరిహద్దు దగ్గరున్న బ్లెయిన్ ఊరు చేరేసరికి కారులో పెట్రోలు పావు ట్యాంకుకు తగ్గింది. అక్కడ బోర్డు మీద ధర మా ఊళ్ళో కంటే కొంచెం ఎక్కువగా కనిపించడంతో, అవతలకు వెళ్ళాక పోయించుకుందాం అన్నాను. సరిహద్దు దాటాక కనిపించిన మొదటి బోర్డు మీద ఉన్న ధర, డాలర్లలో చూస్తే, మేము చూసి వచ్చినదాంట్లో సగం కూడా లేదు. నేను ఎంతో సంతోషించి ట్యాంకు నిండా పోయించాను. కెనడాలో పెట్రోలు లీటర్లలో అమ్ముతారని నాకు తెలియక కాదు. తెలుసు, కానీ "లీటరు చిన్నదే కదా, అయినా ఇంత తేడా ఉందంటే ఇక్కడ చౌకే" అని నోటిలెక్క వేసుకున్నాను. దానిమీద కెనడా డాలరు వేరు, అమెరికా డాలరు వేరు. రాత్రి హోటలులో రశీదు ముందు పెట్టుకుని భిన్నాలు రాసి చూసుకుంటే గ్యాలన్‌కు ఎంత ఎక్కువ ఇచ్చానో తెలిసింది.

ఆ రోజు ధరలు ఇప్పుడు పనికిరావు కాబట్టి గుండ్రటి అంకెలతో చూపిస్తాను. కెనడాలో లీటరు 1.50 కెనడా డాలర్లు అనుకుందాం, ఒక కెనడా డాలరు 0.75 అమెరికా డాలరు అనుకుందాం. 1.50 కెనడా డాలర్లు / 1 లీటరు × 3.785 లీటర్లు / 1 గ్యాలన్ × 0.75 అమెరికా డాలరు / 1 కెనడా డాలరు. లీటర్లు లీటర్లతో, కెనడా డాలర్లు కెనడా డాలర్లతో కొట్టుకుపోయి, గ్యాలన్‌కు 4.26 అమెరికా డాలర్లు మిగులుతుంది. ఇవతల 3.60 ఉందనుకుంటే, పన్నెండు గ్యాలన్లకు దాదాపు ఎనిమిది డాలర్లు తేడా. ఎనిమిది డాలర్లే కదా అని కొందరు అనవచ్చు. నాకు అప్పట్లో అది ఒక పూట కాదు, కొన్ని పూటల భోజనం. అంతకంటే ముఖ్యం, రెండు ప్రమాణాలు ఒకేసారి మారిన చోట నోటిలెక్కను నమ్మకూడదని అప్పుడే తెలిసింది. ఎన్ని ప్రమాణాలు మారితే అన్ని భిన్నాలు వరుసగా రాయాలి, అడ్డదారి లేదు.

భిన్నంలో ప్రమాణం రాయకపోవడం వల్ల ఎంత పెద్ద ప్రమాదం ముంచుకురాగలదో కెనడాలోనే ఒకసారి తెలిసింది. 1983 జూలై 23న ఎయిర్ కెనడా 143వ నంబరు విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్ళాలి. దానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో 7,682 లీటర్లు ఉందని కొలిచారు. ఆ లీటర్లను బరువులోకి మార్చడానికి 1.77 అనే సంఖ్య వాడారు. అది లీటరుకు 1.77 పౌండ్లు, కిలోల్లో అయితే లీటరుకు 0.8 మాత్రమే. పక్కన ప్రమాణం లేని ఆ 1.77ను కిలోలుగా భావించడంతో, ట్యాంకుల్లో ఉన్న ఇంధనం రెండింతలకు పైగా కనిపించింది. 20,000 లీటర్లు నింపవలసిన చోట 4,916 లీటర్లు నింపి పంపారు. 41,000 అడుగుల ఎత్తున ఇంధనం అయిపోయింది. పైలట్లు ఇంజిన్లు లేని విమానాన్ని గాలిలో జార్చుకుంటూ తెచ్చి మానిటోబాలోని గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరంలో దించడం వల్ల లోపలున్న 69 మందీ బతికి బయటపడ్డారు. "7,682 లీటర్లు × 1.77 పౌండ్లు / 1 లీటరు" అని ఎవరైనా పూర్తిగా రాసి ఉంటే జవాబు పౌండ్లలో వచ్చిందని అక్కడికక్కడే తేలిపోయేది.

రెండవ చిక్కు, గ్యాలన్లు రెండు రకాలు కావడం. అమెరికా పాత 231 ఘనపు అంగుళాల గ్యాలన్‌నే ఉంచుకుంది. బ్రిటన్ 1824లో చట్టం చేసి, పది పౌండ్ల నీళ్ళు పట్టే పరిమాణాన్ని ఇంపీరియల్ గ్యాలన్‌గా పెట్టుకుంది. ఇప్పుడు దాని విలువ సరిగ్గా 4.54609 లీటర్లు, అంటే అమెరికా గ్యాలన్ కంటే సుమారు 20 శాతం పెద్దది. బ్రిటన్‌లో బంకుల దగ్గర పెట్రోలు లీటర్లలోనే అమ్ముతారు గాని, కార్ల మైలేజీని మాత్రం ఇప్పటికీ ఇంపీరియల్ గ్యాలన్‌కు ఇన్ని మైళ్ళు అని చెబుతారు. దుబాయిలో చాలా ఏళ్ళపాటు నీళ్ళ బిల్లులు కూడా ఇంపీరియల్ గ్యాలన్లలోనే వచ్చేవి, కాబట్టి గల్ఫ్ నుంచి అమెరికాకు మారినవారు పాత అంకెను వెంట తెచ్చుకోకూడదు.

ఇది కారు కొనేటప్పుడు నేరుగా జేబుకు తగులుతుంది. నాకు తెలిసిన ఒక యువకుడు పాత కారు కొనబోతూ, ఒక బ్రిటిష్ కార్ల పత్రికలో ఆ మోడలు గ్యాలన్‌కు 36 మైళ్ళు ఇస్తుందని చదివి, అమెరికాలో 32 మైళ్ళు ఇచ్చే ఇంకొక కారును కాదనుకున్నాడు. 36 మైళ్ళు / 1 ఇంపీరియల్ గ్యాలన్ × 1 ఇంపీరియల్ గ్యాలన్ / 4.546 లీటర్లు × 3.785 లీటర్లు / 1 అమెరికా గ్యాలన్ అని రాస్తే దాదాపు 30 మైళ్ళు వస్తుంది. అంటే అతడు కాదనుకున్నదే మెరుగైన కారు. ఆ కారు ఉన్నంతకాలం ప్రతి ట్యాంకు మీదా ఆ తేడా చెల్లిస్తూనే ఉండాలి. మొదటే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. "గ్యాలన్" అని మాత్రమే రాసిన చోట అది ఏ దేశపు గ్యాలనో తెలిసేదాకా గుణకారం మొదలుపెట్టవద్దు.

మనకు అలవాటైన లీటరుకు ఇన్ని కిలోమీటర్లు అనే మైలేజీలోకి మార్చడం కూడా ఇదే పద్ధతి. 30 మైళ్ళు / 1 గ్యాలన్ × 1.609 కిలోమీటర్లు / 1 మైలు × 1 గ్యాలన్ / 3.785 లీటర్లు, మొత్తం లీటరుకు 12.75 కిలోమీటర్లు. తరచుగా చేయవలసి వస్తే 1.609ను 3.785తో భాగించగా వచ్చే 0.425ను గుర్తుపెట్టుకుని, అమెరికా మైలేజీని దానితో గుణించండి. కెనడాలో, యూరపులో కొలత తిరగేసి ఉంటుంది: నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు. అక్కడ సంఖ్య తగ్గేకొద్దీ కారు మంచిదన్నమాట. 100ను 12.75తో భాగిస్తే 7.84 లీటర్లు, అదే మన 30 మైళ్ళ కారు.

కాగితం దగ్గర లేనప్పుడు ఉజ్జాయింపు కావాలంటే నేను వాడే పద్ధతి ఇది. గ్యాలన్లను నాలుగుతో గుణించి, వచ్చినదాంట్లో ఇరవయ్యవ వంతు తీసేయండి. 15 గ్యాలన్లు, నాలుగింతలు 60, అందులోంచి 3 తీస్తే 57. అసలు జవాబు 56.8. లీటర్ల నుంచి గ్యాలన్లకైతే నాలుగో వంతు చేసి, దానికి ఇరవయ్యవ వంతు కలపండి. 40 లీటర్లకు 10, దానికి అర కలిపితే 10.5, అసలు జవాబు 10.57. మనకు అలవాటైన 20 లీటర్ల నీళ్ళ క్యాను 5.28 గ్యాలన్లు, ఇక్కడి 5 గ్యాలన్ల క్యాను 18.9 లీటర్లు. రెండూ చూడడానికి ఒకటే అనిపించినా లీటరుకు పైగా తేడా ఉంది. అంకెలను మధ్యలో కుదించవద్దు, చివర ఒక్కసారే కుదించండి. ట్యాంకుకు 3.8 అనుకున్నా ఫరవాలేదు గాని, 10,000 గ్యాలన్ల ఈతకొలనుకు అలా అనుకుంటే దాదాపు 146 లీటర్లు ఎక్కువ వస్తుంది.

చిన్న కొలతల దగ్గరా జాగ్రత్త కావాలి. గ్యాలన్‌కు నాలుగు క్వార్టులు, క్వార్టు అంటే 0.946 లీటరు, లీటరు కంటే కాస్త తక్కువ. కారు పుస్తకంలో ఇంజిన్ ఆయిల్ 4.2 లీటర్లు అని ఉంటే, దాన్ని 0.946తో భాగించగా 4.44 క్వార్టులు, అయిదు క్వార్టుల డబ్బా ఒకటి సరిపోతుంది, విడిగా ఇంకో సీసా కొననక్కరలేదు. గ్యాలన్‌లో 128 ద్రవ ఔన్సులు ఉంటాయి కాబట్టి, తోట మందు డబ్బా మీద గ్యాలన్‌కు ఒక ఔన్సు అని ఉంటే అది లీటరుకు 7.8 మిల్లీలీటర్లు, ఎందుకంటే 1000ను 128తో భాగిస్తే వచ్చేది అదే. బరువును కొలిచే ఔన్సు వేరు, దీనితో కలపవద్దు. అంగళ్ళలో డబ్బాల మీద రెండు కొలతలూ అచ్చువేసి ఉంటాయి, "1 గ్యాలన్, 3.78 లీటర్లు" అని. అది 3.785లో చివరి అంకె వదిలేసిన సంఖ్య మాత్రమే, ఇంకో రకం గ్యాలన్ కాదు. స్నానాల గదిలో కూడా చూడండి, కమోడు మీద 1.6 గ్యాలన్లు, 6 లీటర్లు అని పక్కపక్కనే ఉంటుంది. మీ గుణకారం సరిగా వచ్చిందో లేదో పరీక్షించుకోవడానికి అవి పైసా ఖర్చులేని సాధనాలు.

చివరగా మీరు అడిగిన నీళ్ళ బిల్లు. అందులో గ్యాలన్లకు బదులు సీసీఎఫ్ అని ఉందని రాశారు. అంటే నూరు ఘనపు అడుగులు. ఒక్కో సీసీఎఫ్‌కు 748 గ్యాలన్లు. మీ బిల్లులోని 8 సీసీఎఫ్ × 748 గ్యాలన్లు / 1 సీసీఎఫ్ × 3.785 లీటర్లు / 1 గ్యాలన్ అంటే సుమారు 22,650 లీటర్లు. బిల్లు అరవై రోజులకు కాబట్టి రోజుకు 377 లీటర్లు. షవరు మీద నిమిషానికి 2.5 గ్యాలన్లు అని ఉంటే అది 9.5 లీటర్లు, పది నిమిషాల స్నానానికి 95 లీటర్లు. మీ ఇంట్లో ముగ్గురు ఉన్నారన్నారు. స్నానాలకే 285 లీటర్లు పోతే మిగిలిన 92 లీటర్లు వంటకూ, బట్టలకూ, కమోడుకూ సరిపోవడమే కష్టం, కాబట్టి ఆ బిల్లులో ఎక్కువ వేసినట్టూ లేదు, ఎక్కడా కారుతున్నట్టూ లేదు. వచ్చే బిల్లు రాగానే ఈ వరుసలోనే రాసి చూడండి, మనుషులు పెరగకుండా రోజుకు 500 లీటర్లు దాటితే మాత్రం ఇంటి యజమానికి కబురు పెట్టి కమోడు ట్యాంకు చూపించండి.